ముందు వాసన చూడుండ్రి సార్

ఈ పొద్దున చోక్ లాగి తాళం తిప్పగానే పెట్రోలు వాసన వచ్చింది. ముక్కుకు తగిలీ తగలనట్టుగా, చాలా కొద్దిగా. చలికి ఇంజిన్ రెండుసార్లు దగ్గి అందుకుంది. నేను వెంటనే ఆపేసి, దిగి, బానెట్ ఎత్తి, కార్బురేటర్‌కు జానెడు దూరంలో ముఖం పెట్టి నిలబడ్డాను. అరవై తొమ్మిదేళ్ల మనిషి తెల్లవారగానే ఇంటి ముందు కారు ఇంజిన్‌ను వాసన చూస్తూ ఉంటే దారిన పోయేవాళ్లకు ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు. పక్కింటాయన పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని ఆగి, "ఏంది సార్, కూర మాడిందా?" అని నవ్వుకుంటూ పోయాడు. నేనూ నవ్వాను. గాలి ఎక్కువసేపు పీల్చకుండా కొంచెం కొంచెంగా, మధ్యలో ముఖం పక్కకు తిప్పి, మళ్లీ వంగి చూడాలి. ఈ పద్ధతి నాకు నేర్పిన మనిషికి వాసన తెలియదు. అతని గురించి ఎప్పటినుంచో రాయాలనుకుంటున్నాను. అతను పోయి ఇది రెండో చలికాలం.

అతని పేరు సామేలు. మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు పోయే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉండేది. అందరూ ఉస్తాద్ అనేవారు, నేను మాత్రం పేరు పెట్టి పిలిచేవాణ్ణి. నేను షామీర్‌పేట వైపు ఒక వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో వాతావరణం లెక్కలు రాసే ఉద్యోగం చేశాను. రోజుకు రెండుసార్లు వానమాపకం చూడటం, ఎండ ఎంత, గాలిలో తేమ ఎంత అని రిజిస్టరులో ఎక్కించడం, అంతే. ముప్పై నాలుగేళ్లు అదే చేశాను. ఇంటికి వచ్చి మళ్లీ సొంత డైరీ రాసుకునేవాణ్ణి. మేడ్చల్‌లో మా ఇంటి నుంచి ఆఫీసుకు స్కూటరు మీద అతని షెడ్డు ముందు నుంచే పోయేవాణ్ణి. ఒకనాడు స్కూటరు సరిగ్గా ఆ షెడ్డు ముందే ఆగింది. అతను దగ్గరికి రాకుండానే, చేతిలో పని చేసుకుంటూనే, "ప్లగ్గు సార్, నిన్నటి సంది దగ్గుకుంటనే పోతున్నరు" అన్నాడు. రోజూ తన ముందు నుంచి పోయే బండ్లన్నీ అతని చెవిలో ఉండేవి.

పొట్టి మనిషి. పెద్ద చేతులు. పని చేస్తున్నంతసేపూ చర్చిలో పాడే పాటలు గొంతులోనే సాగదీస్తూ ఉండేవాడు. ఆదివారం షెడ్డు తెరిచేవాడు కాదు. అతనికి ఒక అలవాటు ఉండేది. ఏ కారు పని పూర్తయినా ఆ పూట ఇచ్చేవాడు కాదు. పాత న్యూస్ పేపరు నాలుగు షీట్లు కారు కింద పరిచి, అంచుల మీద రాళ్లు పెట్టి, రాత్రంతా అలా వదిలేసేవాడు. పొద్దున వచ్చి ఆ పేపరు బయటికి లాగి వెలుతురులో పట్టుకుని చదివేవాడు. నల్లటి మచ్చ ఇంజిన్ ఆయిలు. జిడ్డుగా పాకిన పల్చటి మచ్చ బ్రేకు ఆయిలు. అంచు ఉండీ నడిమిట్ల ఏమీ లేకపోతే పెట్రోలు. పేపరు శుభ్రంగా ఉంటేనే తాళం చేతికి వచ్చేది. "నేను సదివే పేపర్ల అబద్ధం ఉండది సార్" అనేవాడు. రాసేది నేను, చదివేది అతను అనిపించేది నాకు.

మా ఆవిడ సుశీల ఇంట్లో మెట్ల మీద జారిపడి ఎడమ మోకాలు విరగ్గొట్టుకుంది. అతికింది కానీ మళ్లీ వంగలేదు. కాలు చాపుకుని కూర్చుంటే తప్ప ప్రయాణం చేయలేదు. ఆటోలో కుదరదు, బస్సు మెట్టు ఎక్కలేదు, పిలిపించే కార్లలో, మా సొంత కారులో కూడా, ముందు సీటు ఎంత వెనక్కి జరిపినా కాలు డ్యాష్‌బోర్డుకు తగిలేది. అల్వాల్‌లో వాళ్ల అక్క ప్రమీల మంచం పట్టి ఉంది. పక్షవాతం వచ్చి మాట పోయింది, మనుషులను గుర్తుపడుతుంది. ప్రతి గురువారం సుశీల పోయి ఆమెకు తల దువ్వి నూనె పెట్టి జడ వేసేది. ఇంకెవరు దువ్వెన పట్టుకున్నా ఆమె తల విదిల్చేసేది. సుశీల పడ్డ తర్వాత ఏడు గురువారాలు పోలేదు. ఎనిమిదో వారం ఫోన్లో ప్రమీల కోడలు, అత్తమ్మ తల చిక్కులు పడిపోయింది, కత్తిరించేద్దామనుకుంటున్నాం అని చెప్పిందట.

ఈ సంగతి నేను సామేలుకు మామూలుగా చెప్పాను, స్కూటరు బ్రేకులు బిగిస్తుంటే. అతను మా కారు తెప్పించుకుని ముందు ఎడమ సీటు ఊడదీసి, దాని కింది పట్టాలను జానెడు వెనక్కి జరిపి, కొత్త బోల్టులు వేశాడు. వెనక సీట్లో ఒక మనిషికి చోటు పోయింది. బిగించాక మా ఇంటికి తెచ్చి, "అమ్మా, వచ్చి కూసోండి" అని సుశీలను కూర్చోబెట్టి, కాలు చాపమని, మోకాలికీ డ్యాష్‌బోర్డుకూ మధ్య తన పిడికిలి పెట్టి చూశాడు. పిడికిలి పట్టింది. ఆ గురువారం ప్రమీల జడ మళ్లీ సుశీల చేతే పడింది. అందుకే ఆ కారు పాతదైపోతున్నా మేం మార్చలేదు. ఎవరైనా కొత్తది కొనమంటే సుశీల, "దాంట్ల సామేలన్న పిడికిలంత జాగ ఉంటదా?" అనేది.

రెండేళ్లు బాగానే గడిచాయి. తర్వాత ఇంజిన్‌కు పెట్రోలు పంపకం చూసే ఎలక్ట్రానిక్ డబ్బా చెడింది. ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం. ఒకసారి కండ్లకోయ దగ్గర హైవే మీద, కాలేజీ బస్సుల మధ్యలో, ఉన్నట్టుండి ప్రాణం పోయినట్టు ఆగిపోయింది. సుశీలను దింపడానికి లేదు, తొయ్యడానికి ఆమె లోపల ఉంది. విద్యార్థులు నలుగురు దిగివచ్చి పక్కకు నెట్టారు. సామేలు ఆ డబ్బాను రెండుసార్లు నగరంలో బాగుచేయించి తెచ్చాడు. రెండుసార్లూ నెల తిరక్కుండానే మొరాయించింది. ఆ మోడలుకు కొత్త డబ్బా దొరకడం లేదు, పాత సామాను అంగళ్లలో దొరికేది ఎన్నాళ్లు ఉంటుందో ఎవరూ చెప్పరు.

ఒక మధ్యాహ్నం ఆ డబ్బాను బల్ల మీద పెట్టి అతను నాతో అన్నాడు. "సార్, గీ డబ్బా మన మాట ఇంటలేదు. దీనికి నోరు లేదు, ఏం నొస్తాందో చెప్పది. దీన్ని తీసేసి కార్బురేటర్ పెడత. గీ ఇంజిన్‌కు అన్న ఉన్నడు, మొదట్ల వచ్చిన మోడల్. గాడు కార్బురేటర్ మీదనే నడిసిండు. అన్న అంగీ తమ్మునికి సరిపోతది."

కొత్తది తీసి పాతది పెట్టడమా అని నేను సందేహించాను. పొగ పరీక్షలో నిలుస్తుందా అని కూడా అడిగాను. నిలవకపోతే మళ్లీ విప్పుతానన్నాడు. గురువారం ఆగకుండా ఉంటే చాలని సుశీల అంది. దాంతో తేలిపోయింది.

ఆ పని మూడు వారాలు పట్టింది. నేను రిటైరై ఉన్నాను కాబట్టి రోజూ పోయి స్టూలు వేసుకుని కూర్చునేవాణ్ణి. డైరీలో పదకొండు పేజీలున్నాయి. ఆ డబ్బాతో నడిచే ఇంజెక్షన్ బండిలో పంపు ట్యాంకు లోపలే ఉండి పెట్రోలును మహా జోరుగా తోస్తుంది. గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్‌కు అంత జోరు పనికిరాదు. మిద్దె మీద నీళ్ల ట్యాంకులో తేలే బంతి ఉన్నట్టే దాని గిన్నెలో ఒక తేలుడు ఉంటుంది. పెట్రోలు నిండేసరికి అది పైకి లేచి, ఒక సూదిని నెట్టి దారి మూస్తుంది. జోరు ఎక్కువైతే ఆ సూది ఆగలేదు, గిన్నె పొంగుతుంది. అందుకని లోపలి పంపు తీసేసి ఉత్త గొట్టం పెట్టాడు. ఇంజిన్ తిరిగితేనే కొట్టుకునే పాతరకం చిన్న పంపు, దాన్ని ఆడించే కడ్డీతో సహా, ఆ అన్న బండి నుంచే తెచ్చి బిగించాడు. ఇంజిన్ ఆగితే అదీ ఆగుతుంది, అది మంచిదన్నాడు. ఎక్కువైన పెట్రోలు ట్యాంకుకు తిరిగిపోవడానికి వేరే గొట్టం వేశాడు. నిప్పురవ్వ ఎప్పుడు కొట్టాలో చెప్పేది కూడా ఆ డబ్బానే కనుక, దాని బదులు పాత డిస్ట్రిబ్యూటర్ వచ్చింది. చలిలో ఇంజిన్ అందుకోవడానికి డ్యాష్‌బోర్డుకు రంధ్రం చేసి చోక్ తీగ లాగాడు. గాలి స్క్రూ పూర్తిగా మూసి ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాడో నేను లెక్కపెట్టి రాసుకున్నాను. అతను ఓరగా చూసి, "రాసుడు అయిందా సార్? మీరు రాసేదాంక ఇంజిన్ ఆగి ఉంటది తియ్యి" అన్నాడు. అన్నాక ఆ స్క్రూను చెవితో వింటూ మళ్లీ పావు చుట్టు తిప్పాడు. నేను కొట్టేసి మళ్లీ రాయాల్సి వచ్చింది.

ఇంజిన్ మొదటిసారి అందుకున్నప్పుడు అతని పాట ఆగింది. పక్కన స్టూలు మీద కప్పు నిండా టీ ఉంది. దాన్ని తీసుకెళ్లి ఇంజిన్ మూత మీద పెట్టాడు. టీ ఒలకలేదు. అంచుల్లో కొద్దిగా వణికింది. ఆ టీ అతనే తాగాడు.

రాత్రి పేపర్లు పరిచాడు. పొద్దున శుభ్రంగా ఉన్నాయి. తాళం ఇచ్చాడు. పొగ పరీక్ష కూడా నిలిచింది. ఆ గురువారం అల్వాల్ పోయి వచ్చాం, ఎక్కడా ఆగలేదు. సుశీల దారి పొడవునా చోక్ నాబ్ పట్టుకుని, ఇది లాగితే ఏమవుతుంది, ఇప్పుడు లోపలికి నెట్టనా అని అడుగుతూనే ఉంది.

ఇక్కడినుంచి రాసేది నా తప్పు. డైరీ ముందు పెట్టుకునే రాస్తున్నాను, మాట మార్చడానికి లేదు. శనివారం: "కారు బాగా నడుస్తోంది. ముందు వైపు నుంచి కొద్దిగా పెట్రోలు వాసన." సోమవారం: "వాసన ఉంది. బండి వేడెక్కాక ఎక్కువ." మంగళవారం సామేలు అటుగా వస్తూ మా ఇంటి ముందు ఆగాడు. బానెట్ ఎత్తి చూసి, కింద పేపరు పరిచి పొద్దున తానే వచ్చి తీసుకుపోయాడు. పేపరు శుభ్రంగా ఉంది. బుధవారం: "సామేలు చూశాడు. పేపరు శుభ్రం. వాసన ఉంది."

మూడుసార్లు రాశాను. అతనికి ఒక్కసారీ చెప్పలేదు. మంగళవారం అతను నా పక్కనే నిలబడి ఇంజిన్ మీదికి వంగి ఉన్నాడు, నాకు తెలుస్తున్న వాసన అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది అనుకున్నాను. నలభై ఏళ్లుగా పెట్రోలులో చేతులు పెట్టే మనిషికి నేను చెప్పడమేమిటి అని కూడా అనుకున్నాను. కార్బురేటర్ బండ్లకు ఆ మాత్రం వాసన ఉంటుందని నా స్కూటరును తలుచుకుని సర్దుకున్నాను. వీటన్నిటి కంటే ముఖ్యమైనది ఒకటుంది. ఒక సంగతి డైరీలో ఎక్కితే దాని పని అయిపోయినట్టు నాకు అనిపిస్తుంది. ఉద్యోగంలో ఒకసారి వానమాపకం అడుగున సన్నగా పగిలింది. నేను రిమార్కుల గడిలో "కొలత నమ్మదగినది కాదు" అని రోజూ రాస్తూ పోయాను. ఆ వానాకాలమంతా ఆ గడి ఎవరూ చదవలేదు. మా పై అధికారి తర్వాత తెలిసి, పది అడుగుల దూరంలో కూర్చుంటాను కదయ్యా, ఒక మాట చెప్పలేకపోయావా అన్నాడు. అప్పుడు నాకు అతనిదే తప్పనిపించింది.

గురువారం బయలుదేరాం. గుండ్లపోచంపల్లి దగ్గర లారీలు నిలిచిపోయి బండ్లు అంగుళం అంగుళం కదులుతున్నాయి. సుశీల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలనొస్తోంది, వాసన మస్తుగా వస్తోంది అంది. పాత బండి కదా, ఉంటుంది అన్నాను. ఇంకో అరగంటలో అక్క దగ్గర ఉంటాం కదా అని కూడా అన్నాను. ఇంజిన్ తడబడటం మొదలైంది, వెనక నల్లటి పొగ. పక్కనున్న గోదాము గేటు ముందుకు తిప్పి ఆపాను. బానెట్ ఎత్తితే వాసన కొట్టినట్టు తగిలింది. కార్బురేటర్ కింద, ఇంజిన్‌లోకి పోయే గొట్టాల దిమ్మ, మ్యానిఫోల్డు గుంటలో పెట్రోలు మడుగు కట్టి ఉంది. దాని పక్కనే నిప్పురవ్వ తీగలు. సుశీలను దింపాను. గోదాము కాపలాదారు కుర్చీ ఇచ్చాడు, కాలు పెట్టుకోవడానికి ఇంకో స్టూలు కూడా తెచ్చాడు. సామేలుకు ఫోన్ చేసి బండి తడబడుతోంది, ఆగింది అని చెప్పాను. కంగారులో అప్పుడు కూడా వాసన మాట చెప్పలేదు.

అతను స్కూటరు మీద వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆ లోపల నేను బానెట్ దించేశాను, రోడ్డు దుమ్ము పడకూడదని. ఎండకు పైన కొంత ఆరి ఉంటుంది, గుంటలోది మాత్రం అలాగే ఉంది. నేను రోడ్డు వైపు నిలబడి లారీలను పక్కనుంచి పొమ్మని చెయ్యి ఊపుతున్నాను. అతను వస్తూనే పలకరించి, సరాసరి డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. ముందు ఇంజిన్ మాట వినాలి, అది అతని పద్ధతి. తాళం మీద చెయ్యి పెట్టాడు.

కుర్చీలోంచి సుశీల అంది, "అన్నా, తిప్పకు. గింత వాసనొస్తుంటే ఎట్ల తిప్పుతవ్?"

అతని చెయ్యి అక్కడే ఆగింది. ఆమె వైపు చూశాడు. ఆమె కారుకు పది అడుగుల దూరంలో ఉంది.

"ఆడిదాంక వస్తాందా అమ్మా?" అని అడిగాడు.

నేను అప్పటికి దగ్గరికి వచ్చాను. అతని ముఖం చూసి నాకు అర్థమైంది. అతను తాళం తీసి జేబులో వేసుకుని, మెల్లగా దిగి, బానెట్ ఎత్తాడు. మడుగును కళ్లతో చూశాడు. వేలు ముంచి, రెండు వేళ్ల మధ్య రుద్దుకుని, చల్లదనం చూశాడు. ముఖం దగ్గరికి తీసుకుపోలేదు.

"ఎన్నడు సంది సార్?"

నేను కారులోంచి డైరీ తీసి చదివాను. శనివారం, సోమవారం, బుధవారం. చదువుతుంటే నా గొంతు నాకే వేరే ఎవరిదో లాగా వినిపించింది. అతను చివరిదాకా విన్నాడు.

"మంచిగ రాసిండ్రు" అన్నాడు. కోపం లేదు. వేళ్లు గుడ్డకు తుడుచుకుంటూ, "చెప్పలే" అన్నాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, "నేను సుత చెప్పలే" అన్నాడు.

కరోనా జ్వరం వచ్చినప్పుడు అతనికి వాసన పోయింది. అందరికీ నెలకో రెండు నెలలకో తిరిగివచ్చింది, అతనికి రాలేదు. పెట్రోలు లేదు, మాడిన క్లచ్ లేదు, ఇంట్లో పోపు లేదు. భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వాసన తెలియని మెకానిక్‌కు పెట్రోలు బండి ఎవరిస్తారు? అప్పటినుంచి పేపర్లు రెండింతలు పరిచేవాడు, వేళ్లతో ఎక్కువ తడిమేవాడు. కానీ ఈసారి కారింది ఇంజిన్ తిరిగేటప్పుడు మాత్రమే. గురువారం దాకా కొద్దికొద్దిగానే కారింది కనుక వేడి మ్యానిఫోల్డు మీద పడి అక్కడే ఎగిరిపోయింది. రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు పంపూ ఆగుతుంది, పేపరు మీద పడటానికి ఏమీ లేదు. అతను నమ్ముకున్న పేపరు రెండుసార్లూ నిజమే చెప్పింది. వాసన ఒక్కటే మిగిలిన సంగతి చెప్పగలిగేది, అది నా డైరీలో ఉంది.

ఆ రోజు అల్వాల్ పోలేదు. పెట్రోలు తుడిచి, గాలికి ఆరబెట్టి, తాడు కట్టి షెడ్డుకు చేర్చాం. సుశీలను కాపలాదారుకు తెలిసినవాళ్ల గూడ్సు ఆటోలో, వెనక చాప పరిచి, కాలు చాపి కూర్చోబెట్టి ఇంటికి పంపాం. ఆటో కదిలేటప్పుడు ఆమె, "బండి కాలిపోతే ఇంక మా అక్క తల ఎవరు దువ్వుతరు?" అంది. తనకేమవుతుందో అనలేదు.

షెడ్డులో సామేలు కార్బురేటర్ గిన్నె విప్పి సూది తీశాడు. దాని మొనకూ కూర్చునే చోటుకూ మధ్య నువ్వుగింజలో సగం ఉండే నల్లటి పొట్టు ఇరుక్కుని ఉంది. ఫిల్టరు తర్వాత జానెడు పాత రబ్బరు గొట్టం అతను మార్చకుండా ఉంచాడు. ఇప్పటి పెట్రోలుకు పాత రబ్బరు లోపల పొట్టు లేస్తుంది. ఆ పొట్టును నా అరచేతిలో పెట్టాడు. గొట్టాలన్నీ కొత్తవి వేశాడు, సూదీ దాని గూడూ మార్చాడు, తేలుడు ఎత్తు మళ్లీ కొలిచాడు. అన్నీ బిగించి ఇంజిన్ వేడెక్కేదాకా తిప్పి, గుడ్డతో చేతులు తుడుచుకుని పక్కకు జరిగి నిలబడ్డాడు.

"ముందు వాసన చూడుండ్రి సార్" అన్నాడు. "గట్టిగ పీల్చకుండ్రి, ముక్కు మొద్దువారుతది. జర జర."

వంగి చూశాను. వేడి ఇనుము వాసన, కొత్త రబ్బరు వాసన, ఆయిలు. పెట్రోలు లేదు. ఒక్కొక్కటీ పైకి చెప్పాను. అతను కళ్లు మూసుకుని విన్నాడు. రబ్బరు అన్నప్పుడు, "కొత్త రబ్బరు ఎట్లుంటది సార్, సిన్నపిల్లల బూట్లు డబ్బాలకెళ్లి తీసినట్టు ఉంటది గదా?" అని అడిగాడు. అవునన్నాను.

తర్వాతి ఆదివారం చర్చికి మమ్మల్ని రమ్మన్నాడు. మేం ఆ మతం వాళ్లం కాదు, అతను ఎప్పుడూ అడగలేదు కూడా. సుశీల కోసం ముందు వరుస చివర కుర్చీ, కాలికి పీట వేయించాడు. పాటలయ్యాక, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పేవాళ్లు చెప్పొచ్చని పాస్టరు అయ్యగారు అన్నారు. ఒకామె లేచి బిడ్డకు జ్వరం తగ్గిందని చెప్పింది. ఒకాయనకు కోర్టు పని తేలిందట. ప్రతి మాటకూ అందరూ స్తోత్రం అన్నారు. తర్వాత సామేలు లేచాడు. తెల్ల చొక్కా, గోళ్లలో నలుపు అలాగే ఉంది. ఆ గదిలో సగం మంది బండ్లు అతను బాగుచేసినవే.

"నాకు మూడేండ్ల సంది వాసన తెల్వదు" అన్నాడు. "ఎవ్వలకు చెప్పలే. చెప్తె బండి ఇయ్యరని భయపడ్డ. మొన్న గీ అమ్మ కూసున్న బండిల పెట్రోలు కారింది. నాకు తెల్వలే. తాళం తిప్పబోయిన. అమ్మ ఆపింది."

స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. వెనక నుంచి ఒక అవ్వ గట్టిగానే అడిగింది, "ఇప్పుడు బాగైందా మరి?"

"కాలే అవ్వా."

"కాకుంటె సాక్ష్యం ఏంది కొడుకా?"

"బాగైతె చెప్పే పనే లేకుండె అవ్వా. కాలేదు గనుకనే చెప్తున్న. నా దగ్గరికి బండి తెచ్చుడుంటే మీ ముక్కు సుత తెచ్చుకోండ్రి."

కొందరు నవ్వారు. అతనూ నవ్వబోయి కూర్చున్నాడు. సుశీల కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బండ్లు తగ్గాయి. అది దాచను. రోడ్డు మీద ఇంకో షెడ్డువాడు ముక్కులేని ఉస్తాద్ అని పేరు పెడితే అది కొన్నాళ్లు నడిచింది. అయినా మిగిలినవాళ్లు మిగిలారు. అప్పటినుంచి అతని షెడ్డులో ఒక కొత్త అలవాటు వచ్చింది. పని అయ్యాక పేపరు ఎలాగూ పరిచేవాడు. పొద్దున బండి తీసుకోవడానికి వచ్చిన మనిషిని మాత్రం ఇంజిన్ తిరుగుతుండగా వంగి వాసన చూసి, ఏం తెలిసిందో పైకి చెప్పమనేవాడు. లారీ యజమాని అయినా, టీచరమ్మ అయినా వంగాల్సిందే. తలూపితే ఒప్పుకునేవాడు కాదు, నోటితో చెప్పాలి. నేను పోయినప్పుడల్లా రెండు మూడు బండ్లు నాతో చూపించుకునేవాడు. ముప్పై నాలుగేళ్లు నేను రాసిన లెక్కలు ఎవరు చదివారో నాకు తెలియదు. ఆ షెడ్డులో నేను "ఆయిలు మాడుతోంది, ఎడమ వైపు" అంటే ఒక మనిషి వెంటనే పానా అందుకునేవాడు.

మూడో గురువారానికే మళ్లీ అల్వాల్ పోవడం మొదలైంది. ప్రమీల ఉన్నంతకాలం ఒక్కటీ తప్పలేదు. ఆమె పోయినప్పుడు కూడా తల దువ్వింది సుశీలే. ఆ తర్వాతి ఏడు సామేలు గుండె ఆగి పోయాడు, పొద్దున షెడ్డు తాళం తీస్తూ. లోపల ముందురోజు బాగుచేసిన కారు కింద పేపర్లు పరిచి ఉన్నాయి. వాళ్లబ్బాయి వేరే పనిలో ఉన్నాడు, రేకులు విప్పేశారు. ఇప్పుడు అక్కడ టైల్స్ అమ్ముతారు. ఆ పేపర్లను మాత్రం నేను అడిగి తెచ్చుకున్నాను. మచ్చలేమీ లేవు. మడతపెట్టి ఆ ఏటి డైరీలో ఉంచాను.

ఈ పొద్దున వాసన ఎక్కడినుంచి వస్తోందో దొరికింది. కార్బురేటర్ గిన్నె అంచు దగ్గర కారకుండా అడ్డుపడే గాస్కెట్ కొద్దిగా చెమర్చింది. పెద్దదేం కాదు, కానీ మార్చేదాకా తిప్పకూడదు. చేతులు కడుక్కుని లోపలికి వచ్చాను. బల్ల మీద డైరీ తెరిచి ఉంది, కలం దాని మీదే ఉంది. అలవాటుగా కూర్చోబోయి లేచాను. సుశీల వంటింట్లో కాలు చాపుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమె ముందు నిలబడి, కారులో పెట్రోలు వాసన వస్తోంది, గిన్నె గాస్కెట్ దగ్గర, ఇవ్వాళ బండి తియ్యడం లేదు అని పూర్తిగా చెప్పాను.

ఆమె తల ఎత్తి చూసింది. "మీరు చెప్పింది ఇన్న. ఇగ పోయి రాసుకోండి" అంది.